తుపాకుల సేఫ్ ఉన్నా కంటి మీద కునుకు లేదు

పేరు వద్దన్న ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. సారాంశం ఇది.

ఆమె మామగారు ముచ్చటపడి కొనుక్కున్న రెండు రైఫిళ్లు, ఒక పిస్టల్ ఆయన పోయాక ఆమె భర్త చేతికి వచ్చాయి. అన్నిటికీ లైసెన్సు ఉంది. "మా వారు వాటిని బయటికి తీసేది ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ షూటింగ్ రేంజికి వెళ్లడానికి. కానీ అవి వాళ్ల నాన్న గుర్తు. అమ్మేద్దామని నోరు తెరిస్తే ఆ రోజంతా మాట్లాడరు" అంటున్నారు. వాటి కోసం ఆయన మనిషెత్తు సేఫ్ కొని గ్యారేజీలో పెట్టారు. నేల పాడవుతుందని బోల్టులు వేయించలేదు. 'అంత బరువు ఎవడు మోసుకుపోతాడు' అన్నది ఆయన ధీమా. లోపల ఖాళీ ఉంది కదా అని అత్తగారు తన నగలు, ఇంటి కాగితాలు కూడా అందులోనే పెట్టారు.

ఇటీవల వాళ్ల వీధిలో ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. ఇంటివాళ్లు సినిమాకి వెళ్లి వచ్చేలోపు అచ్చం ఇలాంటి సేఫ్‌నే వెల్లకిలా పడేసి తలుపు పెకలించారు. అప్పటి నుంచి ఈమెకు నిద్ర లేదు. భర్త ఇంకా బరువైన సేఫ్ కొంటానంటున్నారు. మరిది మాత్రం 'ఇనుము కోసే గ్రైండర్ ఉన్నవాడికి ఏ సేఫైనా ఒకటే, డబ్బు దండగ' అని కొట్టిపారేస్తున్నాడు. ఈమె తుపాకులే ఇంట్లో వద్దంటున్నారు. "మా ఇంట్లోంచి పోయిన తుపాకీతో ఎవడైనా ఎవరి ప్రాణమైనా తీస్తే ఆ ఉసురు మాకు తగలదా?" అని అడిగారు.

ఉత్తరం చివర ఇంకో సంగతి ఉంది. పదిహేనేళ్ల కొడుకు ఒకరోజు తన పాస్‌పోర్టు కోసం ఆమె కళ్లముందే సేఫ్ తెరిచాడట. వాడికి కోడ్ తెలుసన్న విషయమే ఆమెకు తెలియదు. అది తండ్రి పుట్టిన తేదీ. భర్తకు చెబితే పిల్లాడి మీద చేయి చేసుకుంటారేమోనని ఇప్పటిదాకా చెప్పలేదు. "ఈ సేఫ్‌లు దొంగల్ని నిజంగా ఆపుతాయా? లేక నేనే అతిగా భయపడుతున్నానా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం

మీరు అతిగా భయపడటం లేదు. కాకపోతే మీ భయంలో రెండు సంగతులు కలగలిసిపోయాయి. ఒకటి బయటి నుంచి వచ్చే దొంగ, రెండోది ఇంట్లోనే ఉన్న కుర్రాడి చేతిలోని కోడ్. మొదటిదాని గురించి పేజీలకు పేజీలు రాశారు, రెండోదాన్ని చివర నాలుగు వాక్యాల్లో ముగించారు. నా లెక్కలో రెండోదే ముందు. అయినా మీ ఇంట్లో గొడవంతా సేఫ్ గట్టిదా కాదా అన్నదాని మీదే నడుస్తోంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఏ సేఫూ దొంగను పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుంది. ఎంతసేపు అన్నదొక్కటే తేడా. ఆ సేపు ఎంతో కొంతవరకు సేఫ్ మీదే రాసి ఉంటుంది. తలుపు తెరిచి లోపలి అంచున లేబుల్ ఉందేమో చూడండి. ఇళ్లకు అమ్మే తుపాకుల సేఫ్‌లలో చాలావాటికి అమెరికాలోని యూఎల్ అనే పరీక్షా సంస్థ ఇచ్చే 'ఆర్‌ఎస్‌సీ' లేబుల్ ఉంటుంది. యూఎల్ 1037 అనే ప్రమాణం కింద వచ్చే తరగతి అది. దాని మొదటి స్థాయి పరీక్షలో ఒక్క మనిషి సుత్తి, స్క్రూడ్రైవర్, సుమారు 45 సెంటీమీటర్లకు మించని ఇనుప రాడ్డు లాంటి మామూలు పనిముట్లతో తలుపు మీద పడతాడు. 5 నిమిషాలు తట్టుకుంటే లేబుల్ వచ్చేస్తుంది. ఆ పైన ఇంకో రెండు స్థాయిలు ఉన్నాయి, వాటిలో సమయం 10 నిమిషాలు. అసలు ఏ లేబులూ లేకపోతే తయారీదారు మాట తప్ప మీ దగ్గర ఇంకో ఆధారం లేదన్నమాట.

అయిదు నిమిషాలేనా అని కంగారుపడకండి. పనిముట్టు సేఫ్‌ను తాకుతున్న సమయాన్నే అక్కడ లెక్కిస్తారు. పనివాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినా, పనిముట్టు మార్చినా గడియారం ఆపేస్తారు. పైగా పరీక్ష చేసేవాడికి సేఫ్ నిర్మాణం ముందే తెలుసు, ఎక్కడ బలహీనంగా ఉందో తెలుసు, పట్టుబడతానన్న భయం లేదు. చీకట్లో, చప్పుడుకు ఉలిక్కిపడుతూ, మొదటిసారి ఆ సేఫ్‌ను చూస్తున్న దొంగకు అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. అయితే పరీక్షలో లేని సౌకర్యాలు వాడికీ ఉంటాయి. తోడుగా ఇంకొకడు, పొడవాటి గడ్డపార, బ్యాటరీ గ్రైండర్, అన్నిటికీ మించి మీరు ఇంట్లో లేని సాయంత్రం మొత్తం.

ఇక సేఫ్ రేకు సంగతి. దీన్ని గేజిలలో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. చాలామంది తిరగేసి అర్థం చేసుకుని 14 గేజి అంటే 10 గేజి కన్నా మందం అనుకుంటారు. 14 గేజి ఉక్కు మందం దాదాపు 1.9 మిల్లీమీటర్లు. 12 గేజి 2.7, 10 గేజి 3.4, 7 గేజి 4.5 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. 14 గేజి రేకుతో చేసిన సేఫ్ బీరువాకు అన్నయ్య అవుతుందేమో గానీ, బ్యాంకు లాకరుకు దూరపు చుట్టం కూడా కాదు. తలుపు మందం చూసి మోసపోవద్దు. నాలుగైదు అంగుళాల తలుపులో ఎక్కువ భాగం జిప్సం బోర్డే ఉండవచ్చు. జిప్సంలో ఇమిడి ఉన్న నీరు వేడికి ఆవిరై బయటికి వస్తుంది కాబట్టి మంటల్లో కాసేపు లోపలి వస్తువులను కాపాడుతుంది. గడ్డపార ముందు మాత్రం అది సుద్దముక్కే. తలుపు చుట్టూ ఎన్ని బోల్టులు ఉన్నాయన్న గొప్ప కూడా అంతే. బోల్టు లావుగానే ఉంటుంది, కానీ దాన్ని పట్టి ఉంచే తలుపు చట్రం పలచటి రేకును మడిచి చేసినదైతే చట్రమే వంగి బోల్టు జారిపోతుంది. (పెట్టె మీద '24 తుపాకులకు సరిపోతుంది' అని రాస్తారు చూడండి, అదీ ఇలాంటి లెక్కే. స్కోపులు బిగించిన రైఫిళ్లు అందులో సగం పట్టినా గొప్పే.)

మీ వీధిలో జరిగింది ఇప్పుడు అర్థమవుతుంది. ఇళ్లలో పెట్టుకునే మనిషెత్తు సేఫ్ ఖాళీగా రెండు మూడు వందల కిలోలు ఉంటుంది. దాన్ని ఎత్తలేరు, నిజమే. కానీ దొంగకు ఎత్తాల్సిన పని లేదు, పడేస్తే చాలు. నిలబడి ఉన్న సేఫ్ మీద గడ్డపార వేస్తే మనిషి పక్కకు లాగాలి. వెల్లకిలా పడి ఉన్నదాని మీద వేస్తే ఒంటి బరువంతా దాని మీద మోపవచ్చు. ఇద్దరుంటే ఇంకా సులువు. చక్రాల బండి ఉంటే సేఫ్‌నే తోసుకుపోయి తీరిగ్గా ఇంకెక్కడో తెరుస్తారు. అందుకే, మీ వారికి కోపం వచ్చినా సరే, చెబుతున్నాను. నేలకు బిగించని సేఫ్ ఎంత ఖరీదైనదైనా సగం సేఫే. దాదాపు ప్రతి సేఫ్ అడుగున తయారీలోనే బోల్టు రంధ్రాలు పెట్టి ఇస్తారు. కాంక్రీటు నేల అయితే యాంకర్ బోల్టులు, చెక్క నేల అయితే కింద ఉండే దూలాలదాకా దిగే బోల్టులు వేయించాలి.

గ్యారేజీ కూడా మంచి చోటు కాదు. తలుపు ఎత్తినప్పుడల్లా వీధిలో పోయేవాళ్లకు సేఫ్ దర్శనమిస్తుంది. దొంగ పనిముట్లు తెచ్చుకోనక్కర్లేదు, మీ సుత్తి, రాడ్డు, గ్రైండర్ అక్కడే గోడకు వేలాడుతుంటాయి. చెమ్మకు తుపాకులు తుప్పు పడతాయి కూడా. ఇంటి లోపల, కింది అంతస్తులో, ఒక మూలకు చేర్చి, హ్యాండిల్ వైపు గోడకు దగ్గరగా వచ్చేలా పెడితే గడ్డపార తిప్పడానికి చోటుండదు. కొత్త సేఫ్ కొన్నా ఇదే పద్ధతి.

మరిది మాటకు వద్దాం. పలచటి రేకు సేఫ్‌కు పక్క గోడ కోయడానికి గ్రైండర్ చాలు, అందులో అబద్ధం లేదు. కానీ 'ఏ సేఫైనా ఒకటే' అనడం తప్పు. యూఎల్ వాళ్లే ఇచ్చే టీఎల్-15, టీఎల్-30 అనే తరగతులు ఉన్నాయి. వాటి పరీక్షలో కరెంటు డ్రిల్లులు, పెద్ద పనిముట్లు వాడతారు, టీఎల్-30లో అయితే కోత చక్రం ఉన్న గ్రైండర్లు కూడా. 15 లేదా 30 నిమిషాలు నిలబడాలి. ఇక్కడా చిన్న మెలిక ఉంది. ఆ పరీక్ష తలుపుకు, ముందు భాగానికి మాత్రమే. ఆరు వైపులా పరీక్షించినవాటికి చివర 'ఎక్స్6' అని ఉంటుంది. మీరున్న చోట యూరప్ ప్రమాణాలు చలామణిలో ఉంటే ఈఎన్ 14450 కింద ఎస్1, ఎస్2 అని తేలిక తరగతులు, ఈఎన్ 1143-1 కింద గ్రేడు 0 నుంచి పైకి గట్టి తరగతులు కనబడతాయి. దుకాణంవాడు 'దొంగకు బెదరని సేఫ్' అంటే లేబుల్ చూపించమనండి. బ్రోషర్ అక్కర్లేదు.

ఇంతకీ ఈ నిమిషాలన్నీ దేనికి? ఎవరో ఒకరు వచ్చేదాకా నిలబడటానికి. ఎవరూ రారంటే 30 నిమిషాల సేఫ్ కూడా దొంగకు కాస్త ఎక్కువ చెమట పట్టిస్తుంది, అంతే. మీ ఉత్తరంలో అలారం మాటే లేదు. ఇంటి తలుపులకు అలారం పెట్టి, సేఫ్‌కు విడిగా తలుపు కదలికను, అదురును పసిగట్టే సెన్సర్ తగిలిస్తే సేఫ్ మీద మొదటి దెబ్బకే మీ ఫోను మోగుతుంది, పక్కింటివాళ్లకు వినబడుతుంది. అలారం మోగిన ఇంట్లో 10 నిమిషాలు నిలబడే దొంగ తక్కువ. అలారం లేని ఇంట్లో మీ సినిమా ఎంతసేపు ఉంటే వాడి సమయం అంత.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఉన్న సేఫ్‌నే లోపలికి మార్చి, బోల్టులు వేయించి, అలారం కలపడం అన్నిటికంటే తక్కువ ఖర్చుతో పోయేది. కనబడింది ఎత్తుకుని పారిపోయే రకం దొంగకు ఇది చాలావరకు సరిపోతుంది. లోపల ఏముందో తెలిసి, పనిముట్లతో సిద్ధమై వచ్చేవాడికి సరిపోదు. నేలకు నాలుగు రంధ్రాలు పడతాయి, మీ వారు కాసేపు బాధపడతారు.

మీ వారు కోరుతున్నట్టు గట్టి సేఫ్ కొనడం రెండో దారి. కొంటే బరువు చూసి కాకుండా పరీక్ష తరగతి చూసి కొనాలి. బరువంతా జిప్సం బోర్డుదే అయితే డబ్బు పోసి మంటల రక్షణ కొన్నట్టు, దొంగల రక్షణ కాదు. టీఎల్ తరగతి మనిషెత్తు సేఫ్‌లు చాలా బరువు ఉంటాయి. నేల మోస్తుందో లేదో నిపుణుడిని అడగాలి, ఇల్లు మారితే తరలించడం పెద్ద పని. మూడు తుపాకుల కోసం అంత అవసరమా అంటే, నాకైతే అనిపించడం లేదు. నగలు కూడా అందులోనే ఉంచాలని పట్టుబడితే అప్పుడు లెక్క మారుతుంది.

అందుకే మూడో దారి నాకు ఎక్కువ నచ్చుతుంది. నగలు, కాగితాలు బ్యాంకు లాకరుకు పంపేయండి. తుపాకులు మాత్రమే ఉన్న సేఫ్ రోజూ తెరవాల్సిన పని ఉండదు. కోడ్ ఇంతమందికి తెలియాల్సిన పనీ ఉండదు. ఇప్పుడు చూడండి, అత్తగారికి నగలు కావాలి, మీకు కాగితాలు కావాలి, పిల్లాడికి పాస్‌పోర్టు కావాలి. ఇంటిల్లిపాదికీ కోడ్ తెలిసింది అందుకే. 'మా ఇంట్లో పెద్ద సేఫ్ ఉంది, బంగారమంతా అందులోనే' అన్న మాట బంధువుల్లో తిరిగేదీ అందుకే.

ఇక మీరు కోరుతున్నది, తుపాకులే ఇంట్లో ఉండకపోవడం. చట్టం ఒప్పుకునే చోట లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో, రేంజిలోనో భద్రపరచవచ్చు. అమ్మకుండానే ఇల్లు ఖాళీ అవుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వాడే మనిషికి ఇది పెద్ద కష్టం కాదు. పనికిరాకుండా చేయించి జ్ఞాపకంగా ఉంచుకునే వీలు కొన్ని చోట్ల ఉంది, దాని నియమాలు స్థానికంగా కనుక్కోవాలి. ఇంట్లో ఎవరైనా, పెద్దయినా పిల్లయినా, దిగులులో ఉన్నా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా వేరే దారులు ఆలోచించకండి, తుపాకులు ఆ వారమే ఇల్లు దాటాలి.

ఉసురు గురించి అడిగారు. దొంగ చేసిన హత్యకు మీరు దోషులు కారు. కానీ దొంగతనం జరిగితే వెంటనే చెప్పగలగడం మీ చేతిలో ఉంది. ప్రతి తుపాకీ సీరియల్ నంబరు రాసి, ఫొటోలు తీసి, సేఫ్‌లో కాకుండా వేరేచోట ఉంచండి. పోయినట్టు తెలిసిన గంటలోనే పోలీసులకు ఆ నంబర్లు ఇవ్వగలిగితే ఆ తుపాకీని వెతకడానికి వాళ్లకు ఆధారం దొరుకుతుంది. తూటాలు విడిగా, వేరే తాళంలో పెట్టండి.

ఇక మీ అబ్బాయి. దొంగ రావచ్చు, రాకపోవచ్చు. వాడు రోజూ ఇంట్లోనే ఉంటాడు. వాడు చెడ్డవాడని నేను అనడం లేదు, పాస్‌పోర్టు కోసమే తెరిచాడు, అదీ మీ ముందే. పదిహేనేళ్ల వయసులో స్నేహితుల ముందు గొప్పకో, ఒక చెడ్డ రాత్రి ఆవేశంలోనో తెరవకూడదనే కోడ్ ఉండేది. ఈ రోజే మార్పించండి. పుట్టిన తేదీలు, పెళ్లిరోజులు, బండి నంబర్లు వద్దు. తయారీదారు ఇచ్చిన మొదటి కోడ్ మార్చారో లేదో కూడా చూడండి. కొన్ని కంపెనీలు తమ దగ్గర ఇంకో కోడ్ దాచి ఉంచుకుంటాయి. 2023లో అమెరికాలో ఒక కంపెనీ సోదా వారంటు చూసి అలాంటి కోడ్‌ను ఎఫ్‌బీఐకి ఇచ్చిందని పెద్ద రభస జరిగింది. వద్దనుకుంటే తీసేయమని అడగవచ్చు. ఎలక్ట్రానిక్ తాళానికి అత్యవసర తాళంచెవి ఉంటే అది ఎక్కడ వేలాడుతోందో చూసుకోండి. కొత్తగా వేలిముద్ర సేఫ్ కొంటే మీ వేలు నమోదు చేశాక ఇంట్లో ఇంకొకరి వేలితో తెరుచుకోవడం లేదని పరీక్షించండి. నమోదు సరిగ్గా జరగకపోతే ఎవరి వేలికైనా తెరుచుకునే లోపం వల్ల 2023 అక్టోబరులో అమెరికాలో సుమారు 61 వేల సేఫ్‌లను వెనక్కి పిలిచారు. ఆ ప్రకటనలో ఒక పన్నెండేళ్ల పిల్లాడి మరణం గురించి కూడా ఉంది.

మీ వారికి ఎలా చెప్పాలి? పిల్లాడు తప్పు చేశాడని మొదలుపెట్టకండి. 'మీ పుట్టిన తేదీ ఎవరైనా ఊహించగలరు, మన వాడు కూడా ఊహించాడు, ఇద్దరం కూర్చుని మార్చేద్దాం' అనండి. అప్పుడు తప్పు కోడ్‌ది అవుతుంది. మార్చిన తర్వాత అబ్బాయికి తండ్రే స్వయంగా చెప్పాలి, ఎందుకు మార్చాడో దాచకుండా. చేయి చేసుకుంటారన్న భయం నిజంగా ఉంటే ఆ మాట నడిచేటప్పుడు మీరు పక్కనే ఉండండి. తుపాకులు అమ్మే చర్చ మాత్రం ఈ కోడ్ మాటతో కలపకండి. కలిపితే ఆయన దృష్టి అంతా నాన్నగారి గుర్తు మీదికి పోతుంది, కోడ్ అలాగే ఉండిపోతుంది. కోడ్, బోల్టులు, అలారం అయ్యాక, ఒక నెల ఆగి, డీలరు దగ్గర పెట్టే మాట ఎత్తండి. అప్పటికి మీరు ఆయన మాటలో సగం ఒప్పుకున్నట్టు ఆయనకూ తెలుస్తుంది.

అత్తగారి నగల సంగతి మీరు ఎత్తవద్దు. కోడలు లాకరు అనగానే అది వేరే అర్థంలోకి పోయే అవకాశం ఉంది. మీ వారే అడగాలి, లాకరు కూడా అత్తగారి పేరు మీదే తెరిపించాలి.